మెట్ గాలా: ఒక మ్యూజియం విరాళ విందు చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మెట్ గాలా ఏ పరిస్థితుల్లో, ఏ అవసరం కోసం పుట్టిందో వివరించగలుగుతారు.
• 1948 నుంచి నేటి వరకు దాని స్వరూపం మారిన దశలను గుర్తించగలుగుతారు.
• మ్యూజియానికి డబ్బు ఎక్కడ నుంచి వస్తుంది అనే విషయానికీ, అది ఏ చరిత్రను చూపుతుంది అనే విషయానికీ ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.

1. పరిచయం

ఏటా మే నెల మొదటి సోమవారం సాయంత్రం న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ మెట్ల మీద సినిమా తారలు, గాయకులు, క్రీడాకారులు, పారిశ్రామికవేత్తలు వింత వింత దుస్తుల్లో ఫొటోలు దిగుతారు. మరునాటికి ఆ బొమ్మలు మన తెలుగు పత్రికల్లో, టీవీ చానళ్లలో, సెల్‌ఫోన్లలో కనిపిస్తాయి. ఎవరు ఏ చీర కట్టారు, ఎవరు ఏ నగ పెట్టుకున్నారు అన్న ముచ్చట రెండు మూడు రోజులు నడిచి ఆగిపోతుంది. ఈ విందునే మెట్ గాలా అంటారు.

చరిత్ర విద్యార్థి ఇక్కడ అడగవలసిన ప్రశ్న వేరు. ఈ విందు వల్ల సమకూరే డబ్బు ఆ మ్యూజియంలోని ఒకే ఒక విభాగానికి వెళుతుంది. దాని పేరు కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్, అంటే దుస్తుల విభాగం. అదే భవనంలో చిత్రాలకు, శిల్పాలకు, ఆయుధాలకు, ఈజిప్టు పురావస్తువులకు వేరువేరు విభాగాలున్నాయి. తన ఖర్చు తానే సంపాదించుకోవాలనే షరతు వాటికి లేదు. అది దుస్తుల విభాగానికే ఎందుకు వచ్చింది? ఆ షరతు వల్ల మేలు ఏమి జరిగింది, నష్టం ఏమి జరిగింది? ఈ పాఠం ఆ రెండు ప్రశ్నలకు సమాధానం వెతుకుతుంది.

2. మెట్రోపాలిటన్ మ్యూజియం: ప్రజల కోసం ప్రైవేటు సంస్థ

మ్యూజియం అనగానే మనకు ప్రభుత్వ సంస్థ గుర్తుకు వస్తుంది. అందుకు కారణం ఉంది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియాన్ని తీసుకోండి. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించిన వస్తువులతో అది 1951లో ప్రారంభమైంది. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. ఒక కుటుంబం సేకరణగా మొదలైనది ప్రభుత్వ పోషణలోకి వచ్చింది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం కూడా 1753లో పార్లమెంటు చట్టం ద్వారానే ఏర్పడింది.

అమెరికాలో దారి వేరు. మెట్రోపాలిటన్ మ్యూజియాన్ని 1870లో న్యూయార్క్ వ్యాపారులు, ధనికులు, కళాకారులు కలిసి స్థాపించారు. 1880లో అది ఇప్పుడున్న సెంట్రల్ పార్క్ స్థలానికి మారింది. భవనం నగరానిది. నిర్వహణ ఖర్చులో కొంత భాగాన్ని నగరం భరిస్తుంది. వస్తువులను కొనడం, పరిశోధన, ప్రదర్శనలు వంటి పనులు ప్రధానంగా దాతల విరాళాలు, శాశ్వత నిధి మీద వచ్చే ఆదాయం, టికెట్ల అమ్మకం మీద ఆధారపడతాయి.

ఈ పద్ధతికి పన్ను చట్టం తోడయింది. లాభాపేక్ష లేని సంస్థలకు ఇచ్చే విరాళాన్ని ఆదాయపు పన్ను లెక్కలో మినహాయించుకునే అవకాశాన్ని అమెరికా 1917లో కల్పించింది. విందు టికెట్టు కొన్నవారు, అందులో భోజనం వగైరాల విలువ పోగా మిగిలిన మొత్తాన్ని విరాళంగా చూపవచ్చు. దీనిని మరో విధంగా చూస్తే, ప్రభుత్వం తాను వదులుకున్న పన్ను రూపంలో మ్యూజియానికి పరోక్షంగా సహాయం చేస్తున్నట్లే. అయితే ఆ సహాయం ఏ విభాగానికి, ఏ ప్రదర్శనకు చేరాలో నిర్ణయించేది మాత్రం దాత.

3. దుస్తులు మ్యూజియంలోకి వచ్చిన విధం

దుస్తులను కళగా గుర్తించడానికి చాలాకాలం పట్టింది. చిత్రకారుడు గీసిన రాణి బొమ్మ కళాఖండం. ఆ రాణి కట్టిన గౌను మాత్రం పాత బట్ట అన్న అభిప్రాయం బలంగా ఉండేది. న్యూయార్క్‌లో నాటకరంగంతో సంబంధమున్న ఐరీన్ లూయిసన్ ఈ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. ఆమె నాయకత్వంలో 1937లో మ్యూజియం ఆఫ్ కాస్ట్యూమ్ ఆర్ట్ అనే స్వతంత్ర సంస్థ ఏర్పడింది.

అంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో జర్మనీ సేనలు పారిస్‌ను ఆక్రమించాయి. అప్పటిదాకా న్యూయార్క్ దుస్తుల పరిశ్రమ ప్రతి సీజనుకు పారిస్ నమూనాల కోసం ఎదురుచూసేది. ఆ దారి మూసుకుపోవడంతో అమెరికా డిజైనర్లు సొంత కాళ్ల మీద నిలబడవలసి వచ్చింది. కొత్త నమూనాలకు ఆధారం కావాలంటే పాత దుస్తులను దగ్గరగా చూసే చోటు ఉండాలి. అంటే దుస్తుల మ్యూజియం పరిశ్రమకు ఒక వనరుగా కనిపించింది.

1946లో ఆ సంస్థ మెట్రోపాలిటన్ మ్యూజియంలో విలీనమై కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ అయింది. ఇందులో లార్డ్ అండ్ టేలర్ అనే పెద్ద దుకాణ సంస్థ అధ్యక్షురాలు డొరొతీ షేవర్ ముఖ్య పాత్ర వహించారు. విలీనానికి, నిర్వహణకు కావలసిన డబ్బును దుస్తుల పరిశ్రమే సమకూర్చింది. ఆ విభాగం ఖర్చు ఆ విభాగమే చూసుకోవాలనే ఏర్పాటు అప్పటి నుంచి కొనసాగుతోంది. 1959లో అది పూర్తి స్థాయి క్యూరేటర్ విభాగం హోదా పొందింది. హోదా మారింది గాని డబ్బు విషయంలో స్థితి మారలేదు.

ఇంటికి వచ్చిన బంధువును లోపలికి రమ్మని, నీ బియ్యం నువ్వే తెచ్చుకో అన్నట్లుగా ఉంది ఈ ఏర్పాటు. మెట్ గాలా చరిత్ర అంతా దీని నుంచే పుట్టింది.

4. 1948: అర్ధరాత్రి విందు

బియ్యం తెచ్చే మార్గాన్ని ఎలినార్ లాంబర్ట్ చూపారు. ఆమె ప్రచార రంగంలో పనిచేసేవారు. అమెరికా డిజైనర్ల పేర్లు పత్రికల్లోకి ఎక్కించడమే ఆమె వృత్తి. యుద్ధకాలంలో న్యూయార్క్‌లో పత్రికల వారి కోసం దుస్తుల ప్రదర్శనల వారాన్ని మొదలుపెట్టినది కూడా ఆమే. 1948లో ఆమె కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ కోసం ఒక అర్ధరాత్రి విందు ఏర్పాటు చేశారు. టికెట్టు ధర 50 డాలర్లు.

తొలి దశాబ్దాల్లో ఈ విందు మ్యూజియంలో జరిగేది కాదు. వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్, రెయిన్‌బో రూమ్ వంటి చోట్ల జరిగేది. వచ్చేవారు న్యూయార్క్ సంపన్న కుటుంబాలవారు, దుస్తుల పరిశ్రమ పెద్దలు. ఆ నగరంలో ఆసుపత్రుల కోసం, అనాథల కోసం జరిగే అనేక విరాళ విందుల్లో ఇదీ ఒకటి. ప్రపంచం దీనిని గమనించలేదు.

5. డయానా వ్రీలండ్ కాలం (1972–1989)

వోగ్ పత్రిక సంపాదకురాలిగా పనిచేసిన డయానా వ్రీలండ్‌ను 1971లో ఆ పత్రిక తొలగించింది. మరుసటి సంవత్సరం కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ ఆమెను ప్రత్యేక సలహాదారుగా తీసుకుంది. ఆమె 1989లో మరణించేవరకు ఆ బాధ్యతలో ఉన్నారు. ఈ కాలంలో మూడు మార్పులు జరిగాయి.

మొదటిది, విందు మ్యూజియం లోపలికి వచ్చింది. రెండవది, ప్రతి విందుకు ఒక ప్రదర్శన తోడయింది. ఆ ప్రదర్శన విషయమే విందుకూ విషయమైంది. 1973లో డిజైనర్ బాలెన్సియాగా మీద, 1974లో హాలీవుడ్ సినిమా దుస్తుల మీద ప్రదర్శనలు జరిగాయి. మూడవది, అతిథుల జాబితాలో సంపన్నులతో పాటు సినిమా, సంగీత, కళారంగాలవారు చేరారు.

వ్రీలండ్ ప్రదర్శనలకు జనం బారులు తీరారు. ఆమె సంగీతం, సుగంధం, నాటకీయమైన బొమ్మల అమరిక వాడారు. చారిత్రక కచ్చితత్వం కంటే ఆకర్షణకే ఆమె ప్రాధాన్యమిచ్చారని పండితులు తప్పుపట్టారు. 1983లో ఈవ్ సాన్ లొరాన్ మీద జరిగిన ప్రదర్శనతో విమర్శ మరింత పెరిగింది. అప్పటికి ఆయన జీవించి ఉన్న డిజైనర్; ఆయన పేరుతో దుస్తులు, సెంట్లు బజారులో అమ్ముడుపోతున్నాయి. మ్యూజియం గోడ మీద పేరు ఎక్కితే బజారులో ఆ పేరు విలువ పెరగదా అన్నది ప్రశ్న. చరిత్రకారిణి డెబొరా సిల్వర్‌మన్ 1986లో వెలువరించిన 'సెల్లింగ్ కల్చర్' అనే గ్రంథంలో ఈ ప్రదర్శనలను పెద్ద దుకాణాల వ్యాపారంతోను, అధ్యక్షుడు రీగన్ కాలపు సంపన్నుల అభిరుచితోను కలిపి పరిశీలించారు.

6. అన్నా వింటూర్ కాలం (1995 నుంచి)

వోగ్ సంపాదకురాలు అన్నా వింటూర్ 1995లో తొలిసారి ఈ విందుకు అధ్యక్షత వహించారు. ఆ దశాబ్దం చివరి నుంచి ఆమె నాయకత్వం దాదాపు నిరంతరంగా సాగింది. డిసెంబరులో జరిగే విందు 2005 నుంచి మే నెల మొదటి సోమవారానికి స్థిరపడింది. 2020లో కోవిడ్ వల్ల రద్దయింది. 2021లో సెప్టెంబరులో జరిగింది.

ఇప్పుడు ఇది పనిచేసే తీరు తెలుసుకోవాలి. దుస్తుల కంపెనీలు, నగల కంపెనీలు, సాంకేతిక రంగ కంపెనీలు భోజనపు బల్లలను మొత్తంగా కొంటాయి. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి తారలను ఆహ్వానిస్తాయి. తారలు సాధారణంగా తమ జేబు నుంచి టికెట్టు కొనరు. తమను పిలిచిన కంపెనీ దుస్తులు ధరించి వస్తారు. డబ్బు చెల్లించినంత మాత్రాన ఎవరినైనా తీసుకురావడానికి వీలులేదు. అతిథుల పేర్లకు వింటూర్ ఆమోదం కావాలి. కంపెనీకి ప్రచారం, తారకు గుర్తింపు, పత్రికకు వార్త, మ్యూజియానికి డబ్బు లభిస్తాయి.

2024లో ఒక టికెట్టు ధర 75,000 డాలర్లు. ఒక బల్ల ధర 3,50,000 డాలర్ల నుంచి మొదలైంది. ఇక్కడ చిన్న లెక్క చేయండి. 1948 నాటి 50 డాలర్లకు 2024లో కొనుగోలు విలువ సుమారు 650 డాలర్లు. అంటే అమెరికాలో సాధారణ ధరలు 13 రెట్లు పెరిగితే, ఈ టికెట్టు ధర 1,500 రెట్లు పెరిగింది. ఈ తేడాను ధరల పెరుగుదలతో వివరించలేము. 1948లో అమ్మినది ఒక పూట భోజనం, కొంత సామాజిక హోదా. 2024లో అమ్మినది ప్రపంచమంతా చూసే ప్రచారం. 2025లో ఈ విందు 3.1 కోట్ల డాలర్లు సమకూర్చింది. అప్పటివరకు అదే అత్యధికం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1) కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఏ సంవత్సరంలో, ఏ ఏర్పాటుతో విలీనమైంది?
2) రెండవ ప్రపంచ యుద్ధం న్యూయార్క్ దుస్తుల పరిశ్రమను ఎలా ప్రభావితం చేసింది?
3) వ్రీలండ్ కాలంలో విందులో వచ్చిన మూడు మార్పులు ఏవి?

7. ఈ డబ్బు దేనికి?

ఇంత ఆర్భాటం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. సమాధానం మన ఇంటి బీరువాలోనే ఉంది. పెళ్లినాటి పట్టుచీరను ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే మడత వెంబడి చిట్లుతుంది. జరీ నల్లబడుతుంది. అందుకే మన పెద్దలు అప్పుడప్పుడు చీరలు తీసి, గాలికి ఆరనిచ్చి, మడత మార్చి, పాత నూలుబట్టలో చుట్టి, కలరా ఉండలో వేపాకో వేసి దాచేవారు. వారు ఎరిగిన సత్యమే మ్యూజియం శాస్త్రమూ చెబుతుంది: బట్టకు వెలుగు, తేమ, పురుగు, మడత శత్రువులు.

రాతి విగ్రహం వెయ్యి సంవత్సరాలు బయట నిలబడగలదు. బట్ట నిలబడలేదు. మ్యూజియంలో పాత దుస్తులను మసక వెలుతురులో కొద్ది నెలలు మాత్రమే చూపి, తిరిగి చీకటి గదిలో, సమానమైన ఉష్ణోగ్రతలో పడుకోబెట్టాలి. ప్రతిదానికీ తగిన కొలతతో బొమ్మ తయారుచేయాలి. కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇటువంటి దుస్తులు, అనుబంధ వస్తువులు 33,000కు పైగా ఉన్నాయి. ఈ ఖర్చు భరించలేకపోతే ఏమవుతుందో న్యూయార్క్‌లోనే ఉదాహరణ ఉంది. బ్రూక్లిన్ మ్యూజియం తన ప్రసిద్ధ దుస్తుల సేకరణను 2009లో మెట్రోపాలిటన్ మ్యూజియానికి అప్పగించింది. గాలా ఉన్న మ్యూజియం ఆ సేకరణను స్వీకరించగలిగింది.

ప్రదర్శనలు ప్రజలకు చేరాయనడానికి కూడా ఆధారాలున్నాయి. 2011లో అలెగ్జాండర్ మెక్వీన్ ప్రదర్శనను 6.6 లక్షల మంది, 2015లో చైనా ప్రభావం మీద జరిగిన ప్రదర్శనను 8 లక్షలకు పైగా, 2018లో దుస్తులపై కాథలిక్ మత ప్రభావాన్ని చూపిన ప్రదర్శనను 16 లక్షలకు పైగా ప్రజలు చూశారు. విందుకు వచ్చినది కొన్ని వందల మంది. ప్రదర్శన చూసినది లక్షల మంది. ఈ విందును కేవలం ధనికుల వినోదంగా కొట్టిపారేసేవారు ఈ అంకెలను పరిగణనలోకి తీసుకోవాలి.

8. విమర్శలు

మొదటి విమర్శ స్వతంత్రతకు సంబంధించినది. 2005లో షానెల్ మీద జరిగిన ప్రదర్శనకు షానెల్ కంపెనీయే ప్రాయోజకురాలు. ఒక రాజవంశం చరిత్రను ఆ వంశం ఖర్చుతో ఆస్థాన కవి రాసినప్పుడు మనం ఆ కావ్యాన్ని పారవేయము; కాని జాగ్రత్తగా చదువుతాము. ఏమి చెప్పారో, ఏమి చెప్పకుండా వదిలారో చూస్తాము. ఇక్కడా అదే పద్ధతి వర్తిస్తుంది.

రెండవ విమర్శ ఉద్దేశాల మధ్య ఘర్షణకు సంబంధించినది. 1962లో అధ్యక్షుడు కెనెడీ జన్మదిన వేడుకలో నటి మార్లిన్ మన్రో ధరించిన గౌనును, 2022 గాలాలో కిమ్ కర్దాషియన్ మెట్ల మీద కొద్దిసేపు ధరించి, తరువాత దాని నకలులోకి మారారు. ఆ గౌను మెట్రోపాలిటన్ మ్యూజియానిది కాదు. రిప్లీస్ అనే మరో సంస్థ 2016లో 48 లక్షల డాలర్లకు కొన్నది. ఆ సంఘటన తరువాత మ్యూజియంల అంతర్జాతీయ మండలికి చెందిన దుస్తుల నిపుణుల సంఘం, చారిత్రక దుస్తులను ఎవరూ ధరించకూడదని ప్రకటించింది. చెమట, శరీరపు కదలిక, వెలుగు అన్నీ పాత బట్టకు హాని చేస్తాయి. పాత దుస్తులను కాపాడే డబ్బు కోసం జరిగే విందులోనే ఒక పాత గౌను ప్రమాదంలో పడింది. ప్రచారానికీ, సంరక్షణకూ మధ్య ఉన్న దూరం ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

మూడవ విమర్శ సామాజికమైనది. 2021లో అమెరికా ప్రతినిధుల సభ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో కార్టెజ్ ధనికుల మీద పన్ను వేయాలనే నినాదం రాసిన గౌనుతో హాజరయ్యారు. ధనికుల విందులోనే ఆ మాట వినిపించడం సాహసమని కొందరు, అదీ వేషమేనని కొందరు అన్నారు. విందు తన మీద వచ్చే విమర్శను కూడా వినోదంగా మార్చుకోగలదని ఈ సంఘటన చూపుతుంది.

9. భారతదేశం, దక్కన్ ప్రాంతం

ఈ చరిత్రలో మనవారు ఎక్కడ ఉన్నారు? 1985–86లో అమెరికాలో భారత ఉత్సవం జరిగినప్పుడు, కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ భారతీయ రాజకుటుంబాల దుస్తుల మీద ప్రదర్శన నిర్వహించింది. ఇటీవలి కాలంలో భారతీయ అతిథులు పెరిగారు. హైదరాబాదుకు చెందిన సుధారెడ్డి 2021, 2024 సంవత్సరాల్లో హాజరయ్యారు. 2025లో షారుక్ ఖాన్ తొలిసారి వెళ్లారు. అంతకంటే తక్కువమందికి తెలిసిన సంగతి: 2023లోను, 2025లోను అతిథులు నడిచిన తివాచీకి కావలసిన నేత పని కేరళలోని అలప్పుళ జిల్లాలో జరిగింది.

2024లో ఆలియా భట్ కట్టిన సబ్యసాచి చీరకు 163 మంది 1,965 గంటలు పనిచేశారని ప్రకటించారు. నటి పేరు, డిజైనర్ పేరు అందరికీ తెలుసు. ఆ 163 మంది మాత్రం ఒక అంకెగానే నమోదయ్యారు. రాజుల దుస్తుల ప్రదర్శనలోనూ ఇంతే. ధరించినవారి వంశం తెలుస్తుంది, కుట్టినవారి ఊరు కూడా తెలియదు.

2015 మే 4న చైనా ప్రదర్శన పేరుతో గాలా జరిగిన రాత్రి, అదే భవనంలో దక్కన్ సుల్తానుల కళ మీద మరో ప్రదర్శన నడుస్తోంది. అందులో గోల్కొండ ప్రాంతపు కలంకారీ వస్త్రాలు ఉన్నాయి. పదిహేడవ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి ఇరాన్, ఆగ్నేయాసియా, ఐరోపా దేశాలకు వెళ్లిన అద్దకం బట్టల వంశానికి చెందినవే అవి. ఐరోపా స్త్రీపురుషుల దుస్తుల అభిరుచిని మార్చిన బట్టలలో కోరమండల్ తీరపు అద్దకాలకు ముఖ్యస్థానం ఉంది. అయినా మెట్రోపాలిటన్ మ్యూజియంలో వాటిని ఎక్కువగా ఇస్లామిక్ కళ, ఆసియా కళ విభాగాలు చూస్తాయి. ఫ్యాషన్ అనే పేరు ప్రధానంగా పాశ్చాత్య దుస్తులకే దక్కింది. ఒక బట్ట ఏ విభాగం బీరువాలో ఉందో దానిని బట్టి దాని చరిత్ర మారుతుంది. ఒకచోట అది ఫ్యాషన్, మరొకచోట అది హస్తకళ. ఈ విభజన ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అని అడగడం మన పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1) పాత దుస్తులను మ్యూజియంలో ఎందుకు కొద్ది నెలలే ప్రదర్శిస్తారు?
2) 2022 నాటి మన్రో గౌను సంఘటన ఏ ఘర్షణను వెల్లడించింది?
3) కలంకారీ వస్త్రాల ఉదాహరణ మ్యూజియం విభాగాల గురించి ఏమి చెబుతుంది?

10. సారాంశం

మెట్ గాలా ఒక షరతు నుంచి పుట్టింది. 1946లో దుస్తులను కళగా అంగీకరించిన మ్యూజియం, వాటి ఖర్చు మాత్రం పరిశ్రమకే వదిలింది. 1948లో ఎలినార్ లాంబర్ట్ మొదలుపెట్టిన 50 డాలర్ల విందు, వ్రీలండ్ కాలంలో ప్రదర్శనతో జతపడి, వింటూర్ కాలంలో ప్రపంచ ప్రచార వేదికగా మారింది. ఈ డబ్బు లేకపోతే వేల దుస్తులు పాడైపోయేవి. లక్షల మంది వాటిని చూసేవారు కాదు. ఈ డబ్బు ఉన్నందువల్లనే డిజైనర్, ధరించినవారు ముందుకు వచ్చి, నేసినవారు, కుట్టినవారు వెనక్కి పోయారు. రెండు మాటలూ నిజమే. ఒకదానికోసం రెండవదాన్ని దాచకూడదు.

ఈ పాఠం నుంచి మీరు పట్టుకోవలసిన పద్ధతి ఒకటి ఉంది. శాసనం గాని, తాళపత్రం గాని, మ్యూజియంలోని గౌను గాని మన ముందుకు వచ్చినప్పుడు, దానిని ఇంతకాలం ఎవరు ఖర్చు పెట్టి కాపాడారు అని అడగండి. ఎవరూ ఖర్చు పెట్టనందువల్ల దాని పక్కన ఏది మిగలలేదో కూడా ఆలోచించండి. మీ ఇంట్లో అమ్మమ్మ చీర ఒకటి ఉంటే, అది ఎక్కడ నేసినదో, ఎవరు కొన్నారో, ఎప్పుడు కట్టారో అడిగి తేదీతో ఒక కాగితం మీద రాసి దానితో పాటు ఉంచండి. దానికి ఏ విందూ అక్కరలేదు.

కీలక పదాలు

క్యూరేటర్: మ్యూజియంలో ఒక సేకరణను పరిశోధించి, కాపాడి, ప్రదర్శనగా అమర్చే నిపుణుడు లేదా నిపుణురాలు.
శాశ్వత నిధి: అసలును ఖర్చు చేయకుండా, దాని మీద వచ్చే ఆదాయాన్ని మాత్రమే వాడుకునే మూలధనం.
ప్రాయోజకత్వం: ప్రచారాన్ని ఆశించి ఒక కార్యక్రమం ఖర్చును కంపెనీ భరించడం.

నమూనా పరీక్ష ప్రశ్నలు

ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) మెట్ గాలా పుట్టుక, పరిణామాలను వివరించండి.
2) మ్యూజియంకు లభించే ఆర్థిక పోషణ అది చూపే చరిత్రను ప్రభావితం చేస్తుందా? ఉదాహరణలతో చర్చించండి.

ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) అమెరికా మ్యూజియంల పోషణ విధానాన్ని సాలార్‌జంగ్ మ్యూజియంతో పోల్చండి.
2) 1983 ఈవ్ సాన్ లొరాన్ ప్రదర్శన మీద వచ్చిన విమర్శ ఏమిటి?
3) దుస్తుల చరిత్రలో చేతివృత్తులవారి పేర్లు ఎందుకు కనిపించవు?